భయం గడి

కట్ట పుస్తకం. కట్ట కట్టిన పంతొమ్మిదో ఏడు.

శుద్ధ ఏకాదశి
గ్లాసులు ఏడు. తేట ఆరు. భయం: ఉంది.

నాలుగో రాయి దగ్గర గ్లాసు తేరుకోలేదు.

రోజూ తెల్లవారగానే కట్ట మీద ఈ చివర నుంచి ఆ చివరకు నడుస్తాను. ఎడమ పక్క సముద్రం. కుడి పక్క ఊరు. సముద్రం నా పాదాలకు జానెడు కిందుంటుంది. ఊళ్ళో ఇళ్ళ కప్పులు అంతకంటే కిందుంటాయి. ఎండ్రకాయలు తవ్విన బొరియ కనపడితే బంకమట్టి కూరి మడమతో తొక్కుతాను. తర్వాత లోపలి వాలు దిగి, గుర్తుకి రాళ్ళు పాతిన ఏడు చోట్ల ఊట నీళ్ళు గాజు గ్లాసులో పట్టి, ఎండకి ఎదురుగా పెట్టి వంద లెక్కపెడతాను. ఏ కట్టకైనా ఊట ఉంటుంది. అది దాని చెమట. తేటగా వస్తే పరవాలేదు. మట్టితో వస్తే అది చెమట కాదు, కట్ట కండ కరిగి పోతోందన్న మాట.

ఇవాళ వంద లెక్కపెట్టాను. మళ్ళీ వంద. గ్లాసు అడుగున గోరంత మట్టి పేరుకుంది.

పౌర్ణమికి నాలుగు రోజులుంది. ఆ పొద్దున వచ్చేది ఏడాదికంతటికీ పెద్ద పోటు.

ఈ పుస్తకంలో చివరి గడి పేరు భయం. అందులో రెండు చోట్లుంటాయి, ఒకటి నాది, ఒకటి నాతో పాటు కట్ట చూసే మాస్టారిది. ఉంది, లేదు, ఏదో ఒకటి రాయాలి. పదకొండేళ్ళుగా నేను ఉంది అనే రాస్తున్నాను. గాలేస్తే ఉంది. గాలి లేకపోయినా ఉంది. మాస్టారి చోట ఎప్పుడూ లేదు. అందుకని ఇవాళ్టి ఉందికీ నిన్నటి ఉందికీ తేడా ఎవరికీ తెలియదు. కొంచెం ఒత్తి రాశాను. కాగితం చిరిగింది.

ద్వాదశి
గ్లాసులు ఏడు. తేట ఆరు. భయం: ఉంది.

మాస్టారికి చెప్పాను.

జోజిబాబు మాస్టారూ నేనూ ఈ కట్టకి ఉత్త మనుషులం. అంటే చెవి వెనక గింజ లేనివాళ్ళం. ఊళ్ళో మిగతా అందరికీ ఉంది. వడ్ల గింజంత ఉంటుంది. అది పెట్టించుకున్న రోజు నుంచి ఎవరి దేవుడు వాళ్ళ పక్కనే ఉంటాడు. ఉన్నట్టు అనిపించడం కాదు, ఉంటాడు. కొందరికి నరసింహస్వామి, కొందరికి ఏసయ్య, పొరుగింటి పిచ్చమ్మకి గంగానమ్మ తల్లి. వాళ్ళకి చావంటే భయం లేదు. పోయినవాళ్ళ కోసం ఏడుపు లేదు. మంచివాళ్ళు కూడా అయ్యారు, ఆ మాట దాచకూడదు. మా ఊళ్ళో కొట్లాట చూసి పన్నెండేళ్ళయింది.

గింజలు వచ్చిన మరుసటేడే కొత్తదిబ్బ కట్ట తెగింది. అక్కడ ఒక్కరూ పరిగెత్తలేదు. నీళ్ళు గొంతు దాకా వచ్చినా వాకిళ్ళలో కూర్చుని పాడుకున్నారట. అప్పుడు కట్టల బోర్డు వాళ్ళు రూలు పెట్టారు. ప్రతి కట్టకీ ఇద్దరు ఉత్త మనుషులుండాలి. ఆ ఇద్దరూ కట్ట గదిలో పెట్టె మీద ఒకేసారి వేళ్ళు నొక్కితే మోత మోగుతుంది. మోగితే గంట సేపు ఊరందరి గింజలూ ఆగిపోతాయి. భయం పుడుతుంది. పరిగెడతారు.

ఊరికే నొక్కకూడదు. ఒక ఊళ్ళో పొరపాటున నొక్కారు. ఆ గంటలో ఇద్దరు తల్లులు బావిలో దూకారు. పోయిన పిల్లలు ఒక్కసారిగా గుర్తొచ్చారట.

మాస్టారు కట్ట గదిలో కూర్చుని ఉన్నారు.

“మాస్టారూ, నాలుగో రాయి కాడ మట్టొస్తందండి.”

“ఎంత?”

“గోరంత.”

“నీ గోరా, నా గోరా?”

గ్లాసు ఆయన ముందు పెట్టాను.

“పోయిన నెల ఉడత పరిగెత్తినా ఉందనే రాశావు గదరా.”

“అది ముంగిసండి.”

“ముంగిసని చూసి జడుసుకున్న మొగాడివి నువ్వొక్కడివేరా ఈ తీరం మొత్తానికి!”

మాస్టారు ఒకప్పుడు బళ్ళో సైన్సు చెప్పారు. దేవుడు లేడని వాదించడంలో ఆయన్ని మించినవాడు లేడు. “పైన కొట్టేవాడు లేడు, కింద కాల్చేవాడు లేడు. మట్టి, నీళ్ళు, లెక్క, అంతే. అది తెలిస్తే సగం భయం పోద్దిరా” అనేవారు. ఆ మాట వినడానికి బాగుండేది. నాకు పట్టేది కాదు. దేవుడు లేడని నేను అనను. ఉన్నాడనీ అనను. నన్నెవరూ అడగలేదు కూడా. గింజలు పెట్టే రోజున వరసలో చివర నిలబడ్డాను. నా ముందువాడితో అయిపోయాయి, రేపు రమ్మన్నారు. మళ్ళీ వెళ్ళి అడగడానికి మొహమాటమేసింది. తర్వాత ఉత్త మనిషిగా ఉంటావా అన్నారు. దానికీ కాదనలేకపోయాను.

ఇవాళ మాస్టారు మట్టి అనలేదు, లెక్క అనలేదు. గ్లాసు ముందు పెడితే చూడలేదు. చెవుల మీదుగా తువ్వాలు చుట్టుకున్నారు. చలి అన్నారు. నాకు చెమట కారుతోంది.

త్రయోదశి
గ్లాసులు ఆరు. ఏడోది పట్టక్కర్లేకపోయింది. భయం: ఉంది.

నాలుగో రాయి కింద బుగ్గ లేచింది. పిడికెడు వెడల్పున నేల ఉడికే అన్నంలా కుతకుతమంటోంది. చుట్టూ ఇసుక చీమలపుట్టలా పేరుకుంది. చెయ్యి పెట్టాను. చల్లగా ఉంది. లోపల్నుంచి కొట్టుకుంటోంది.

దీనికి చెయ్యాల్సింది ఒకటే. చుట్టూ ఇసుక సంచులు గుండ్రంగా, ఎక్కడా సందు లేకుండా పేర్చాలి. లోపల నీళ్ళు నిండితే ఆ బరువుకి బుగ్గ అణుగుతుంది. ఒక్కడి వల్ల కాదు. నాటు వేస్తున్న వాళ్ళ దగ్గరికి పరిగెత్తాను.

“ఏం మావా, ఉరుకుతున్నావు? మళ్ళీ ముంగిసొచ్చిందా?” అంది పిచ్చమ్మ. అందరూ నవ్వారు.

“బుగ్గ లేచింది.”

ఒక్కరూ రానని అనలేదు. నారుకట్టలు గట్టున పెట్టి వెంటనే వచ్చారు. పిచ్చమ్మ బుగ్గ ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. ఆమె మొహం విప్పారింది.

“మా తల్లే! నా కోసం లోపలికే వచ్చావా!”

పసుపు తెచ్చారు. బంతిపూలు తెచ్చారు. బుగ్గ ఆ పూలను పైకి ఎగరేసింది. అందరూ చప్పట్లు కొట్టారు.

“పిచ్చమ్మా, సంచులు.”

“తెత్తాం మావా. నువ్వు నోరు తెరిచి అడగడమే గొప్ప.”

తెచ్చారు. పాడుకుంటూ మోసి, మధ్యాహ్నానికి ఎనభై సంచులు చక్కగా పేర్చారు. ముందు వైపు ఒక గుమ్మం వదిలారు. తల్లి వచ్చిపోవడానికి దారి కావాలట. గుమ్మం లోంచి మట్టి నీళ్ళు ధారగా పోతున్నాయి. వాళ్ళు వెళ్ళాక నేను నాలుగు సంచులు ఈడ్చి దాన్ని మూశాను. గంట తర్వాత వచ్చి చూస్తే తెరిచి ఉంది. గడపకి పసుపు రాసి ఉంది. పిచ్చమ్మ అక్కడే ఉంది.

“అమ్మకి దారి మూసింది నువ్వా మావా? తప్పు గదూ.” కోపం లేదు. చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పింది.

“కట్ట పోద్ది. అందరం మిట్ట మీద షెల్టరుకి పోదాం.”

“నారు సగంలో వదిలేసా? పోతే ఎక్కడికి పోతాం, ఆయమ్మ దగ్గరికేగా.”

బోర్డుకి ఫోన్ చేశాను. ఎత్తిన అమ్మాయి ఎంతో ఓపికగా విన్నది. చివరికి, “స్వామి చూసుకుంటారు తాతగారూ, మీరు అన్నం తినండి” అంది.

అదే రోజు, పొద్దు వాలాక

మోత నొక్కాలని మాస్టారిని కట్ట గదికి తీసుకొచ్చాను. ఆయన పెట్టె దగ్గరికి రావడానికి చాలాసేపు తటపటాయించారు. వేళ్ళు పెట్టాం. నా వైపు పచ్చ దీపం వెలిగింది. ఆయన వైపు ఎర్ర దీపం.

ఆ పెట్టెకి మన పేర్లతో పనిలేదు. గింజ ఉందా లేదా, అదొక్కటే దానికి తెలుసు.

మాస్టారు తువ్వాలు విప్పారు. చెవి వెనక పుండు ఇంకా పచ్చిగా ఉంది.

“ఎప్పుడండి?”

“పది రోజులైంది.”

మాస్టారి భార్య మార్తమ్మ గారు మొన్న ఎండాకాలంలో పోయారు. ఆమెకి గింజ ఉండేది. నవ్వుతూ పోయారు. మాస్టారే మిగిలిపోయారు.

“దేవుడు లేడన్నది నిజంరా నాంచారయ్యా, ఇప్పటికీ నిజమే. మార్త ఎక్కడా లేదన్నదీ నిజమే. ఆ నిజం ముందు పెట్టుకుని కూర్చుంటే ముద్ద దిగలేదు. ఇదివరకు నేను లేడంటే వాళ్ళు ఉన్నాడని మీద పడేవాళ్ళు. కొట్టుకునేవాళ్ళం. అదో బతుకు. ఇప్పుడు లేడంటే నవ్వి, మజ్జిగ తాగి వెళ్ళమంటన్నారు. ఎవడితో వాదించను? గోడతోనా?”

“తీసెయ్యండి మాస్టారూ. ఒక్క పూటకి.”

ఎవరి గింజ వాళ్ళే తీసుకోవాలి. పక్కవాడు చెయ్యి పెడితే ప్రాణం పోతుంది.

“తియ్యలేన్రా. తీస్తే మార్త మళ్ళీ చచ్చిపోద్ది.” ఆయన నవ్వుతూనే ఉన్నారు. ఆ నవ్వు ఆయనది కాదు. జేబులోంచి చిన్న డబ్బా తీసి నా చేతిలో పెట్టారు. “ఇంకోటుంది. చెవి వెనక పెట్టి నొక్కడమే. ఎన్నాళ్ళు వణుకుతావు?”

కట్ట మీద కూర్చుని డబ్బా తెరిచాను. సముద్రం నల్లబడుతోంది. గింజను చెవి వెనక ఆనించాను. నొక్కలేదు. ఆనించినంత మాత్రానికే మెడ దగ్గర ఎవరో వెచ్చగా ఊపిరి వదిలినట్టు అనిపించింది. నొక్కితే రేపటి నుంచి ఈ గడిలో లేదు అని రాసుకోవచ్చు. ఎంత హాయి. కానీ నేను కూడా నవ్వితే గ్లాసు వంక చూసేవాడు ఉండడు.

డబ్బా మూశాను. ధైర్యం కాదు. అందుకూ భయమే వేసింది.

చతుర్దశి
గ్లాసులు పట్టలేదు. గుమ్మం మూశాను. తెరిచారు. మూశాను. తెరిచారు. భయం: ఉంది.

మధ్యాహ్నం మా ఇంటిది తిరుపతమ్మ మట్టగిడస చేపల పులుసు పెట్టింది. మా ఇద్దరికీ వడ్డించి, మూడో పళ్ళెంలో కూడా వడ్డించింది. అది మా పిల్ల వల్లిది. ఈ కట్ట లేనప్పుడు వచ్చిన ఉప్పెనలో పోయింది. ఎనిమిదేళ్ళది. తర్వాత చాలా ఏళ్ళు తిరుపతమ్మ మంచం దిగలేదు, తల దువ్వుకోలేదు. గింజ పెట్టించుకున్న రోజున లేచి ఇల్లు అలికింది. వల్లి ఆమెకి స్వామి ఒడిలో కనపడుతుంది. రోజూ ఏదో ఒకటి చెబుతుంది. ఇవాళ రెండు జడలు వేయించుకుందట.

“తిరపతమ్మా.”

“ఊ.”

“గింజ తియ్యాలి.”

“ఎవరిది?”

“నీది. పెట్టె మీద ఇంకో వేలు కావాలి. కట్ట పోద్ది.”

ఆమె నవ్వింది. “నేను తీస్తే పిల్లెటు పోద్దయ్యా?”

పులుసు చల్లారింది. ఇరవై ఏళ్ళుగా చెప్పని మాట అప్పుడు బయటికొచ్చింది. ఎందుకొచ్చిందో తెలియదు.

“ఆ రోజు పిల్ల చెయ్యి జారలేదు. నేనే వదిలాను. కొబ్బరిచెట్టు పట్టుకోడానికి రెండు చేతులూ కావాల్సొచ్చింది. భయమేసింది.”

తిరుపతమ్మ నా తల నిమిరింది. “తెలుసులే. స్వామి ఎప్పుడో చెప్పాడు. నీ తప్పు లేదన్నాడు.”

ఇరవై ఏళ్ళు ఎదురుచూసిన మాట. వచ్చింది. తామరాకు మీద నీళ్ళలా జారిపోయింది.

“స్వామి మాట కాదే. నీ మాట కావాలి.”

ఆమె నా చెయ్యి చూసింది. వణుకుతోంది. తన చేత్తో పట్టుకుని చూసింది, అయినా ఆగలేదు.

“ఇది ఎప్పుడూ ఇంతేనా?”

“ఊ.”

“ఇన్నేళ్ళూ? ఒక్కడివేనా?”

ఆమె కళ్ళు మూసుకుని పెదాలు కదిపింది. తర్వాత మూడో పళ్ళెం కొంచెం దగ్గరికి జరుపుకుంది.

“స్వామినడిగా.”

“ఏమన్నాడు?”

“ఎళ్ళిరా అన్నాడు. పిల్లని చూసుకుంటానన్నాడు.”

మాస్టారు మునుపటి మాస్టారైతే, ఆ గింజలో మాట్లాడేది నువ్వేనమ్మా అనేవారు. ఏమో. ఎవరన్నా గానీ మంచి మాటన్నారు.

“పొద్దున్నే తీస్తా. ఈ ఒక్క పూట పిల్లతో ఉండనీ” అంది.

పౌర్ణమి
ఉదయం. భయం: ఉంది.

పిన్నీసుతో తీసుకుంది. కుంకుమ భరిణెలో పెట్టింది. కాసేపు ఏమీ కాలేదు. పొయ్యి వైపు చూసింది, వాకిలి వైపు చూసింది. బోర్లించిన మూడు పళ్ళేల వైపు చూసింది.

ఆ శబ్దం రాయడం నాకు చేతకాదు.

తర్వాత రెండు పిడికిళ్ళతో నా గుండెల మీద కొట్టింది. “వదిలేశావా! నా బిడ్డని వదిలేశావా!” కొట్టించుకున్నాను. ఇది జారిపోలేదు. లోపలికి దిగింది. పోటు మొదలైంది, రావే, అన్నాను. కొడుతూ నడిచింది, నడుస్తూ కొట్టింది. నాలుగో రాయి దాకా అలాగే వచ్చాం.

అక్కడ ఆగిపోయింది. గుమ్మం తెరిచే ఉంది. బుగ్గ బిందె వెడల్పయింది. కట్ట పక్కటెముకలో అడుగు వెడల్పున నెర్రె పడింది. అవతల సముద్రం అంచుకి చేరింది. తిరుపతమ్మ కళ్ళు పెద్దవయ్యాయి. పెదాలు ఎండిపోయాయి. ఆ మొహం నాకు తెలుసు. రోజూ గడ్డం గీసుకుంటూ అద్దంలో చూసేదే.

“ఓలమ్మో, ఇది పోద్దయ్యా!”

పదకొండేళ్ళలో నా మాట ఇంకొకరి నోట వినడం అదే మొదలు.

కట్ట గదికి పరిగెత్తాం. వేలు పెట్టబోయి ఆమె ఆగింది. “ఇప్పుడు నాకైనట్టే అందరికీ అవుద్దా?”

“అవుద్ది.”

“అయ్యో.” అని నొక్కింది. రెండు పచ్చ దీపాలు వెలిగాయి.

మోత మోగింది. నాటు పాట చరణం మధ్యలో తెగిపోయింది. గాలి చప్పుడు మాత్రమే మిగిలింది. తర్వాత ఒక గొంతు. తర్వాత పది. తర్వాత ఊరు ఊరంతా. పన్నెండేళ్ళుగా ఏడవని ఏడుపు ఒక్కసారి లేచింది. కొందరు మడిలోనే కూలబడ్డారు. ఇలాగైతే పరిగెత్తరు అనుకున్నాను.

అప్పుడు మాస్టారు ఇంట్లోంచి బయటికొచ్చారు. తువ్వాలు లేదు. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. పాత బడి గొంతుతో అరిచారు.

“ఏడుస్తూ నడవండర్రా! ఏడుపు కాళ్ళకి అడ్డం కాదు! పిచ్చమ్మా, లే! పిల్లల్ని చంకనెయ్యండి! మట్టీ నీళ్ళూ ఎవరి మాటా వినవు, నడవండి!”

నడిచారు. తర్వాత పరిగెత్తారు. బావి దగ్గర తిరుపతమ్మ చేతులు చాచి నిలబడింది. అటు వచ్చిన ఇద్దరు ఆడవాళ్ళను జుట్టు పట్టుకుని షెల్టరు వైపు తోసింది. చివరి మనిషి మెట్లెక్కిన కాసేపటికి నాలుగో రాయి కనపడలేదు. కట్ట తెగిన చప్పుడు పెద్దగా లేదు. గోనె చిరిగినట్టు వినపడింది. అంతే.

పౌర్ణమి, మధ్యాహ్నం. షెల్టరు మీద.
గ్లాసులు లేవు. కట్ట లేదు. మనుషులు రెండు వందల పదకొండు. మూడుసార్లు లెక్కపెట్టాను.

మోత మోగి గంట కావస్తోంది. మాస్టారు పిచ్చమ్మని తిడుతున్నారు. “దేవతకి గుమ్మం పెట్టినదానివి, సముద్రం కూడా అదే గుమ్మంలోంచి వస్తదని తెలియద్దా? నీకు మూడో క్లాసులో చెప్పానా లేదా—” అంటూ ఆగిపోయారు. గంట నిండి గింజ మళ్ళీ పనిచేసింది. మొహం మెల్లగా సర్దుకుంది. నవ్వారు. పక్కకి తిరిగి “మార్తా” అన్నారు. ఎంతో ప్రేమగా అన్నారు. నాకు ఆయన మీద అసూయ కలిగింది. ఒళ్ళు కూడా జలదరించింది.

పిచ్చమ్మ లేచి కింద నీళ్ళకేసి చూసింది. “మా తల్లి ఎంత దూరం వచ్చిందో చూడు మావా, ఇంటి దాకా వచ్చింది. దిగి దణ్ణం పెట్టుకొస్తా.” ఆమె వెనక ఇంకో నలుగురు లేచారు.

నేనూ తిరుపతమ్మా వెళ్ళి మెట్లకు అడ్డంగా కూర్చున్నాం. వాళ్ళు కోప్పడరు, తోసుకుని పోరు. నవ్వుతూ నిలబడ్డారు, మేం లేచేదాకా ఆగుతారు. మేం లేవకూడదు. బోర్డు పడవ ఎప్పుడొస్తుందో తెలియదు. నీళ్ళు ఇంకా పెరుగుతున్నాయి.

జేబులోంచి డబ్బా తీసి తిరుపతమ్మ ముందు పెట్టాను. తన గింజ కుంకుమ భరిణెతో పాటు మునిగిపోయింది. ఏడ్చి ఏడ్చి ఆమె కళ్ళు వాచాయి. డబ్బా చాలాసేపు చూసింది. విసిరెయ్యలేదు. చీర కొంగున ముడేసుకుంది.

“ఇవాళొద్దు” అంది. “నీ తప్పు లేదని నేనింకా అన్లా. గుర్తుంచుకో.”

“తెలుసు.”

పుస్తకం ఇమ్మంది. తిరుపతమ్మకి నాలుగు అక్షరాలే వచ్చు, వల్లి పలక మీద నేర్చుకున్నవి. గడిలో మాస్టారి చోట ఖాళీగా ఉంది. నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని, ఒత్తి, పెద్దగా రాసింది.

ఉంది.

పెన్ను నాకిచ్చింది. నీళ్ళు ఇంకో మెట్టు ఎక్కాయి. ఇదంతా ఒక్క చేత్తోనే రాస్తున్నాను. రెండోది ఆమె పట్టుకుంది. వదలమన్నా వదలడం లేదు.